యూదు సంఘంలో మనసుకు ఆసరా

యూదు సంఘంలో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ ఇంటివారు వారం పాటు వంట గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. ఇరుగుపొరుగు వండి తెస్తారు. ప్రార్థనకు కావలసిన పదిమంది ఆ ఇంటికే వస్తారు. గుండె ఆపరేషన్ అయినవారి పేరు శనివారం ఆరాధనలో చదువుతారు, ఆసుపత్రికి వెళ్లి పలకరిస్తారు. అదే సంఘంలో ఒకరు తీవ్రమైన డిప్రెషన్‌తో మానసిక వైద్యశాలలో చేరి తిరిగొస్తే చాలాచోట్ల ఎవరూ తలుపు తట్టరు. నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనని కుటుంబం చెప్పదు. ఏమని పలకరించాలో తెలియక సంఘం అడగదు.

ఈ తేడా ఎందుకొచ్చింది, దాన్ని ఎలా చెరపాలి అన్న చర్చ గత మూడు నాలుగు దశాబ్దాలుగా అమెరికా, బ్రిటన్, ఇజ్రాయెల్ దేశాల్లోని యూదు సంఘాల్లో గట్టిగా నడుస్తోంది. ఆ చర్చలో తేలుతున్న విషయం ఒకటుంది. దుఃఖాన్నీ జబ్బునీ నలుగురూ కలిసి మోసే పద్ధతి యూదు సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. ఉన్న పద్ధతిని మనసు జబ్బు దాకా తీసుకురావడం, సంఘం చేయగలిగిన పని ఎక్కడ ఆగి వైద్యం ఎక్కడ మొదలవాలో తెలుసుకోవడం - ఈ రెండే ముఖ్యం.

పవిత్ర గ్రంథాల్లో మనోవేదన

హెబ్రీ బైబిలు మనోవేదనను దాచదు. రాజుల మొదటి గ్రంథంలో ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని తనకు చావు రావాలని దేవుణ్ణి వేడుకుంటాడు. అక్కడికి వచ్చిన దేవదూత ఆయన్ను మందలించడు, ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడు. నిద్రపోనిస్తాడు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు చూపిస్తాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి తినిపిస్తాడు. ప్రయాణం గురించిన మాట ఆ తర్వాతే వస్తుంది. నిద్ర, తిండి, పక్కన ఒకరు ఉండటం, తొందరపెట్టకపోవడం అన్న క్రమం ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా కథ దీనికి మరో వైపు. పిల్లలు లేని దుఃఖంతో ఆమె మందిరంలో పెదవులు మాత్రమే కదిపి ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుని మందలిస్తాడు. తాను మనోదుఃఖంతో ఉన్నానని ఆమె చెప్పాక తప్పు తెలుసుకుని దీవిస్తాడు. యూదుల నూతన సంవత్సరమైన రోష్ హషానా మొదటి రోజున ప్రార్థనా మందిరాలైన సినగాగుల్లో ఈ భాగాన్నే చదువుతారు. ఏడాదిలో ఎక్కువమంది చేరే రోజున, మతపెద్ద ఒక బాధితురాలిని పొరబాటుగా అర్థం చేసుకున్న కథ సంఘమంతా వింటుంది.

యూదు ధర్మచర్చల సంకలనమైన తల్మూద్ కాలానికి వస్తే మూడో శతాబ్దపు పండితుడు రబ్బీ (మతగురువు) యోహానాన్ జీవితంలో రెండు ఘట్టాలు ఈ విషయానికి ఆయువుపట్టు. జబ్బుపడిన సహచరులను పరామర్శించి, చేయి పట్టుకుని లేపడంలో ఆయన పేరున్నవాడు. కానీ తాను జబ్బుపడినప్పుడు రబ్బీ హనీనా వచ్చి చేయి అందించాల్సివచ్చింది. తనను తాను ఎందుకు లేపుకోలేకపోయాడని తల్మూద్ ప్రశ్నించి, ఖైదీ తన చెరను తానే విడిపించుకోలేడని జవాబిస్తుంది. ఇంకో ఘట్టంలో, తన చదువుల జోడీ రేష్ లకీష్ చనిపోయాక రబ్బీ యోహానాన్ కుంగిపోతాడు. ఓదార్చడానికి పండితులు ఒక తెలివైన శిష్యుణ్ణి పంపుతారు. ఆ శిష్యుడు గురువు చెప్పే ప్రతి మాటనూ ప్రమాణాలతో సమర్థిస్తాడు. రబ్బీ యోహానాన్‌కు కావలసింది ఆ సమర్థన కాదు. తన మాటను అడుగడుగునా ప్రశ్నించిన మిత్రుడి కోసం విలపిస్తూ ఆయన చివరికి మతిస్థిమితం కోల్పోతాడు. మంచి మనసుతో చేసిన ఓదార్పు కూడా ఎదుటివారి అవసరాన్ని గుర్తించకపోతే పనికిరాదని ఈ కథ చెబుతుంది.

మధ్యయుగాల్లో ఈ ఆలోచనకు వైద్యం తోడయింది. మతశాస్త్రవేత్త, వైద్యుడు అయిన మైమొనిడిస్ (1138-1204) శరీరానికి లాగే మనసుకూ ఆరోగ్యం, అనారోగ్యం ఉంటాయని, మనసు జబ్బుపడినవారు దాన్ని బాగుచేయగల జ్ఞానుల దగ్గరకు వెళ్లాలని రాశాడు. దిగులుతో బాధపడే అల్-అఫ్దల్ కోసం - ఈయన సుల్తాన్ సలాదీన్ కుమారుడు - రాసిన ఆరోగ్య గ్రంథంలో, వైద్యుడు రోగి మనోభావాలను చక్కదిద్దడానికి మొదటి స్థానం ఇవ్వాలన్నాడు. ఇది పుస్తక జ్ఞానం మాత్రమే కాదు. మైమొనిడిస్ తమ్ముడు దావీదు వర్తకం కోసం బయలుదేరి హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ వార్త విన్నాక దాదాపు ఏడాది పాటు జ్వరంతో, నిరాశతో మంచం పట్టానని, 8 ఏళ్లు గడిచినా ఆ దుఃఖం తగ్గలేదని మైమొనిడిస్ ఒక లేఖలో రాసుకున్నాడు. సంఘంలో అందరికన్నా పెద్ద పండితుడు, పేరుమోసిన వైద్యుడు తన కుంగుబాటును దాచుకోకుండా చెప్పుకున్న ఆ లేఖ నేటి యూదు సంఘాలకు విలువైన ఆధారం.

మతధర్మం ఏమంటోంది

ప్రాణం కాపాడటానికి దాదాపు అన్ని మత నియమాలనూ పక్కన పెట్టవచ్చన్నది యూదు ధర్మంలో మూలసూత్రం. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. ఈ సూత్రం మనసుకు కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్నకు పాత గ్రంథాల్లోనే జవాబు దొరుకుతుంది. శనివారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ రోజున దీపం ఆర్పకూడదు. కానీ దుష్టాత్మ పీడవల్ల భయపడి ఆర్పినవారికి దోషం లేదని తల్మూద్‌కు మూలమైన మిష్నా చెబుతుంది. ఆ దుష్టాత్మ అంటే చీకట్లోనే ఊరట దొరికే ఒక రకం దిగులు వ్యాధి అని మైమొనిడిస్ వ్యాఖ్యానించాడు. ప్రసవించే స్త్రీ కోసం షబ్బాత్ రోజున దీపం వెలిగించవచ్చు. ఆమె గుడ్డిదైనా సరే వెలిగించాలని తల్మూద్ అంటుంది. ఆ వెలుగు ఆమెకు కనిపించదు, కానీ చుట్టూ ఉన్నవారు తనకు కావలసింది చూసి చేస్తున్నారన్న నిబ్బరం కలుగుతుంది. ఆ నిబ్బరాన్ని కూడా ప్రాణరక్షణలో భాగంగానే లెక్కించారు.

ఉపవాసం విషయంలో ఈ సూత్రం నేటికీ ప్రతి ఏడాదీ పరీక్షకు వస్తుంది. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు సుమారు 25 గంటల పాటు మంచినీళ్లు కూడా ముట్టరు. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారికి ఆ ఒక్కరోజు ఉపవాసం నెలల చికిత్సను వెనక్కి నెట్టగలదు. రోగి తనకు తిండి కావాలంటే పెట్టాలని, రోగి వద్దన్నా వైద్యుడు కావాలంటే పెట్టాలని తల్మూద్ నియమం. అందువల్ల అలాంటివారికి ఆరోజు తినడమే ధర్మమని చెప్పే రబ్బీలు అన్ని శాఖల్లోనూ ఉన్నారు. లిథియం వంటి మందులు వాడేవారు నీళ్లు తాగకపోతే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు కాబట్టి, వాళ్లు పండుగకు ముందే వైద్యుణ్ణి, రబ్బీని సంప్రదించాలి.

మతిస్థిమితం కోల్పోయినవారికి విధులు, బాధ్యతలు వర్తించవన్నది పాత చట్టం. అదే సమయంలో, జబ్బు వచ్చిపోతూ ఉండేవారు బాగున్న రోజుల్లో అన్ని విషయాల్లోనూ మామూలు మనుషులేనని తల్మూద్ స్పష్టంగా చెప్పింది. ఒకసారి జబ్బుపడ్డారు కాబట్టి ఇక ఆరాధనలో తోరా (ధర్మశాస్త్ర గ్రంథం) పఠనానికి పిలవకూడదు, కమిటీలో తీసుకోకూడదు అనే ధోరణికి ధర్మంలో ఆధారం లేదు.

బలవన్మరణం విషయంలో మార్పు మరింత లోతైనది. తెలిసి ప్రాణం తీసుకున్నవారికి సంతాప విధులు చేయకూడదని సెమాఖోత్ అనే గ్రంథం నియమం పెట్టింది. అయితే ఆ నియమానికి దాదాపు ఎవరూ దొరక్కుండా అదే గ్రంథం దాని పరిధిని కుదించింది. తండ్రి బెదిరింపుకు భయపడి ప్రాణం తీసుకున్న ఇద్దరు పిల్లల కథలు అందులో ఉన్నాయి. ఒకచోట రబ్బీ తర్ఫోన్, మరొకచోట రబ్బీ అకీవా ఆ పిల్లలకు ఏ విధీ తక్కువ చేయవద్దని తీర్పు చెప్పారు. పిల్లలను బెదిరించవద్దన్న హితవును పండితులు ఆ సంఘటనల నుంచే తీశారు. భయం, వేదన, మతిభ్రమణం - ఏ కొంచెం కారణం కనిపించినా దానినే ఆధారం చేసుకోవాలని తర్వాతి శతాబ్దాల ధర్మవేత్తలు చెప్పుకొచ్చారు. ఇప్పుడు దాదాపు అన్ని సంఘాల్లోనూ అలాంటి మరణాన్ని జబ్బు వల్ల వచ్చిన చావుగానే చూస్తారు. అంత్యక్రియలు, సంతాపం పూర్తిగా జరుగుతాయి. మిగిలిన కుటుంబాన్ని వేలెత్తి చూపకుండా అక్కున చేర్చుకోవడం సంఘం బాధ్యతగా మారింది.

సంఘం చేతిలో ఉన్న సాధనాలు

వీటిలో మొదటిది రోగి పరామర్శ, అంటే బికుర్ ఖోలీమ్. పరామర్శించినవారు జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతారని తల్మూద్ అంటుంది. రబ్బీ అకీవా శిష్యుడొకడు జబ్బుపడితే ఎవరూ చూడటానికి వెళ్లలేదు. అకీవా వెళ్లి గది ఊడిపించి, నేల మీద నీళ్లు చల్లించాడని, ఆ శిష్యుడు తనను బతికించారని చెప్పాడని కథ. మంచం పట్టినవారి గదిని శుభ్రం చేయడం కూడా చికిత్సలో భాగమే. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవారి ఇంట్లో పేరుకుపోయిన గిన్నెలు, ఉతకని బట్టలు, తెరవని ఉత్తరాలు చూసినవారికి ఈ కథ విలువ వెంటనే తెలుస్తుంది.

పరామర్శకు నియమాలు కూడా ఉన్నాయి. 16వ శతాబ్దంలో యోసేఫ్ కారో కూర్చిన షుల్హాన్ అరూఖ్ ధర్మసంహిత ప్రకారం దగ్గరివారు వెంటనే వెళ్లాలి, మిగిలినవారు మూడు రోజులు ఆగి వెళ్లాలి. పేగుల జబ్బుతో ఇబ్బందిపడేవారి దగ్గరకు, కళ్ల జబ్బు, తలనొప్పి ఉన్నవారి దగ్గరకు నేరుగా వెళ్లకూడదు. బయటి గదిలో నిలబడి, ఏమైనా సాయం కావాలా అని అడిగి, అవసరమైంది చేసి రావాలి. సిగ్గుపడే స్థితిలో ఉన్న మనిషి మర్యాదను కాపాడే ఈ పద్ధతి మానసిక రోగుల విషయంలో అక్షరాలా పనికొస్తుంది. వారిని చూడాలనీ మాట్లాడించాలనీ పట్టుబట్టకుండా, మందులు తెచ్చిపెట్టడం, డాక్టరు దగ్గరకు కారులో తీసుకెళ్లడం, పిల్లలకు ఒకపూట తోడుండటం, ఇంటివారికి కాస్త విరామం ఇవ్వడం చేయవచ్చు.

రెండోది సంతాపక్రమం. ఖననం తర్వాత 7 రోజులు షివా. సంతాపంలో ఉన్నవారు ఇంట్లోనే తక్కువ ఎత్తు పీటల మీద కూర్చుంటారు. చాలా ఇళ్లలో అద్దాలు కప్పేస్తారు. తలుపు గడియపెట్టరు, వచ్చినవారు తట్టకుండా లోపలికి వస్తారు. శ్మశానం నుంచి వచ్చాక మొదటి భోజనం సొంతింటిది కాకూడదు. ఇరుగుపొరుగు తెచ్చిన గుడ్లు, పప్పుతో చేసిన వంటకాలు తినాలి. బైబిలులో కష్టాలపాలైన యోబును చూడవచ్చిన స్నేహితులు 7 రోజులు నోరు విప్పకుండా కూర్చున్నట్టే, బాధలో ఉన్నవారు మాట్లాడేదాకా వచ్చినవారు మాట మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత 30 రోజుల దాకా షెలోషీమ్. తల్లిదండ్రుల కోసం 11 నెలల పాటు కద్దీష్ ప్రార్థన చెబుతారు. కద్దీష్‌కు పదిమంది, అంటే మిన్యాన్ కావాలి. కాబట్టి దుఃఖంలో ఉన్న మనిషి ఇంట్లో ఒంటరిగా ముడుచుకుపోకుండా నలుగురి మధ్యకు వస్తాడు. ఒకరోజు రాకపోతే అది నలుగురికీ తెలుస్తుంది. దుఃఖానికి గడువులు పెట్టి, మెట్టుమెట్టుగా జీవితంలోకి తిరిగి తీసుకొచ్చే ఈ ఏర్పాటును మానసిక వైద్యులు కూడా ఎంతో మెచ్చుకున్నారు. అయితే ఇందులో ఖాళీలూ ఉన్నాయి. పుట్టిన 30 రోజులలోపు చనిపోయిన శిశువులకు, గర్భంలోనే పోయిన బిడ్డలకు పాత ధర్మం పూర్తి సంతాప విధులు పెట్టలేదు. పిల్లల చుట్టూనే పండుగలు నడిచే సంఘంలో ఆ తల్లిదండ్రులు మరింత ఒంటరివారవుతారు. గత కొన్ని దశాబ్దాల్లో అనేక సంఘాలు వారి కోసం కొత్త ప్రార్థనలను, చిన్న క్రతువులను రూపొందించుకున్నాయి.

మూడోది స్వస్థత ప్రార్థన. తోరా పఠనం సమయంలో రోగుల పేర్లు చదివి చేసే మీ షెబెరఖ్ ప్రార్థనలో మనసుకు, దేహానికి రెండింటికీ స్వస్థత కోరతారు. 1980ల చివర్లో అమెరికన్ గాయని డెబ్బీ ఫ్రీడ్‌మన్ ఈ ప్రార్థనకు హెబ్రీ, ఇంగ్లిషు కలిపి కట్టిన పాట వందలాది సినగాగుల్లోకి పాకింది. ఆమె స్వయంగా దీర్ఘకాలిక నరాల జబ్బుతో బాధపడుతూనే దేశమంతా తిరిగి స్వస్థత ఆరాధనలు జరిపింది. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో వెలసిన బే ఏరియా జ్యూయిష్ హీలింగ్ సెంటర్ వంటివి అదే ఒరవడిలో పుట్టాయి. డిప్రెషన్ ఉన్నవారి పేరును కూడా ఈ ప్రార్థనలో చేర్చవచ్చని రబ్బీ వేదిక మీద నుంచి ఒక్క మాట చెబితే చాలు, ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి. పేరు పైకి చెప్పడం ఇష్టం లేనివారు మనసులోనే తలచుకునే వీలు కూడా చాలాచోట్ల ఉంది.

అడ్డంకులు

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పరువు భయం. సంప్రదాయ ఆర్థడాక్స్ సంఘాల్లో పెళ్లిళ్లు పెద్దలు, మధ్యవర్తులు కుదిర్చే సంబంధాలు. ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు ఉందని తెలిస్తే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు సంబంధాలు రావేమోనన్న భయంతో వైద్యం ఆలస్యం చేస్తారు. మందులు దాచి వాడతారు, దూరపు ఊళ్లో డాక్టరును వెతుక్కుంటారు. ఇతరుల గురించి నిజమైనా సరే చెడుగా చెప్పకూడదన్న లషోన్ హరా నిషేధం ఇక్కడ రెండువైపులా పనిచేస్తుంది. అది రోగి గోప్యతను కాపాడుతుంది. ఇంట్లో హింస, పిల్లల మీద అఘాయిత్యాల వంటివి జరిగినప్పుడు నోరు మూయించడానికి కూడా దాన్ని వాడుకున్నారు. అపాయం తప్పించడానికి చెప్పాల్సినది చెప్పడం నిషేధం కిందికి రాదని ధర్మవేత్తలు తేల్చారు. ఈ మాట సంఘంలో పదేపదే చెప్పాల్సిన అవసరం ఇంకా ఉంది.

రెండో అడ్డంకి మతభావం ముసుగులో వచ్చే జబ్బును గుర్తించలేకపోవడం. జెరూసలేంలో అతి సంప్రదాయ యూదులకు వైద్యం చేసిన మానసిక వైద్యులు డేవిడ్ గ్రీన్‌బర్గ్, ఎలియేజర్ విట్జ్‌టమ్ దీన్ని వివరంగా పరిశీలించారు. ప్రార్థనకు ముందు శుభ్రత చాలలేదేమోనని గంటలు గంటలు కడుక్కోవడం, ఏకాగ్రత కుదరలేదని ఒకే వాక్యాన్ని మళ్లీమళ్లీ చదవడం, మాంసం, పాలు కలవకూడదన్న నియమం వల్ల మాంసం పాత్ర పాలకు తగిలిందేమోనని తీరని అనుమానం - ఇవి చూడటానికి భక్తిలా కనిపిస్తాయి. భక్తికీ, చేసిందే మళ్లీమళ్లీ చేయించే ఓసీడీ అనే మానసిక రుగ్మతకూ మధ్య గీత ఎక్కడుందో కూడా వారు వివరించారు. జబ్బులో ఆచారం ధర్మం అడిగిన మేరను మించిపోతుంది. ఒకే చిన్న విషయం మనసంతా ఆక్రమించి, అంతకన్నా ముఖ్యమైన విధులు మరుగునపడతాయి. ప్రార్థనను మెరుగుపరచాలని చేసే ఆ పని చివరికి ప్రార్థన వేళనే దాటించేస్తుంది. ఇలాంటిచోట రబ్బీ, వైద్యుడు కలిసి పనిచేయక తప్పదు. ఒక్కసారి చదివితే ధర్మం నెరవేరినట్టేనని రబ్బీ చెబుతాడు. ఆ తర్వాత వచ్చే ఆందోళనను తట్టుకోవడం వైద్యుడు నేర్పుతాడు.

మూడో అడ్డంకి పండుగల ఒత్తిడి. పూరిమ్ పండుగ నాడు తాగడం, పస్కా విందులో నాలుగు గిన్నెల ద్రాక్షారసం, శనివారం ఆరాధన తర్వాత మద్యం పోసే అలవాటు - ఇవి తాగుడు మానుకుంటున్నవారికి గండాలు. పస్కాలో మద్యం కాని ద్రాక్షరసం వాడటం ధర్మసమ్మతమే. అయినా బల్ల మీద అది అందరికీ అందుబాటులో లేకపోతే, దాన్ని అడిగినవారే నలుగురిలో బయటపడతారు. యూదుల్లో తాగుబోతులు ఉండరన్న పాత నమ్మకం వల్ల ఈ సమస్య చాలాకాలం మరుగునపడింది. లండన్‌లో మనస్తత్వవేత్త కేట్ లోవెంతాల్ బృందం చేసిన అధ్యయనాల్లో యూదు పురుషుల్లో డిప్రెషన్ స్త్రీలతో దాదాపు సమానంగా కనిపించింది. మిగతా సమాజంలో స్త్రీలలోనే ఎక్కువ. పురుషులు మద్యం జోలికి తక్కువగా పోవడం దీనికి ఒక కారణమై ఉండవచ్చని ఆ బృందం భావించింది. అంటే సీసా కనిపించని చోట కూడా వేదన ఉంటుంది.

రబ్బీ, వైద్యుడు, సంఘం

కష్టం వచ్చినప్పుడు చాలామంది మొదట వెళ్లేది రబ్బీ దగ్గరకే. అందుకే రబ్బీ చికిత్స చేయాల్సిన అవసరం లేకపోయినా గుర్తించగలగాలి, వినగలగాలి, సరైన చోటికి పంపగలగాలి. అమెరికాలోని రబ్బీ విద్యాలయాల్లో ఆసుపత్రి శిక్షణ, ఆప్త సలహా పాఠాలు ఇప్పుడు చదువులో భాగం. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసే యూదు చాప్లిన్‌లకు (ఆప్త సలహా ఇచ్చే మతసేవకులకు) నెషామా అనే వృత్తి సంఘం ఉంది. మతం, వైద్యం అనే రెండు లోకాలనూ కలిపిన మనిషి అబ్రహాం ట్వెర్‌స్కీ (1930-2021). హసీదీ అనే సంప్రదాయ శాఖకు చెందిన రబ్బీల వంశంలో పుట్టి, రబ్బీ అయి, మానసిక వైద్యుడైన ఆయన 1972లో పిట్స్‌బర్గ్‌లో గేట్‌వే రిహాబిలిటేషన్ సెంటర్ స్థాపించారు. వ్యసనం, ఆత్మగౌరవం, ఇంట్లో హింస గురించి ఆయన రాసిన పుస్తకాలు సంప్రదాయ కుటుంబాల్లోకి వెళ్లాయి. రబ్బీ వేషంలో ఉన్న మనిషే మందులు వాడమంటే నమ్మినవారు ఎందరో.

మతవిశ్వాసం మనసుకు మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధన సూటి జవాబు ఇవ్వదు. దేవుడు తోడున్నాడన్న నమ్మకం, సంఘం అండ ఉన్నవారు కష్టాన్ని తట్టుకోవడం తేలికవుతుందని, దేవుడు శిక్షిస్తున్నాడని, వదిలేశాడని భావించేవారి స్థితి మరింత దిగజారుతుందని మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ పరిశోధనలు చూపాయి. డేవిడ్ రోస్‌మరిన్ యూదుల మీద చేసిన అధ్యయనాల్లోనూ దేవుని మీద భరోసా ఉన్నవారిలో ఆందోళన తక్కువగా, అపనమ్మకం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించింది. కాబట్టి యోమ్ కిప్పూర్ పాపాల ఒప్పుకోలు గురించి బోధించే రబ్బీ, అదే గదిలో తనను తాను క్షమించుకోలేక కుంగిపోతున్నవారు కూడా కూర్చున్నారని గుర్తుంచుకుని మాట్లాడాలి.

రబ్బీ కూడా అలసిపోతాడు. అంత్యక్రియలు, ఆసుపత్రులు, కుటుంబ తగాదాలు, అర్ధరాత్రి ఫోన్లు అన్నీ ఒక్కరి మీదే పడతాయి. ఖైదీ తన చెరను తానే విడిపించుకోలేడన్న తల్మూద్ మాట ముందుగా రబ్బీకే వర్తిస్తుంది. సెలవులు, తోటి రబ్బీల బృందం, తనకంటూ ఒక కౌన్సెలర్ ఉండేలా సంఘం చూడాలి.

సంస్థలు, సంఘటనలు

బ్రిటన్‌లో 1989లో ఏర్పడిన జామీ అనే సంస్థ మానసిక రోగులకూ వారి కుటుంబాలకూ సేవలందిస్తోంది. అది 2017లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య షబ్బాత్‌ను ప్రతి శీతాకాలంలో నిర్గమకాండంలోని చీకటి తెగులు భాగం చదివే వారానికి జతచేశారు. పక్కవాడు కనిపించనంత, ఉన్నచోటు నుంచి లేవలేనంత చీకటి అది. ఆ వారం రబ్బీలు ఈ విషయమే మాట్లాడతారు, బాధను దాటి వచ్చినవారు తమ అనుభవం చెబుతారు. న్యూయార్క్‌లో రిలీఫ్ అనే సంస్థ ఆర్థడాక్స్ కుటుంబాల ఆచారాలను అర్థం చేసుకోగల వైద్యులెవరో గోప్యంగా తెలియజేస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో 1987లో మొదలైన బేత్ తెషూవాలో వ్యసన చికిత్సా కేంద్రం, ప్రార్థనా సంఘం ఒకే కప్పు కింద నడుస్తాయి. ఇజ్రాయెల్‌లో 1987లో ఏర్పడిన అంఖా నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడినవారికి, వారి పిల్లలకు మానసిక ఆసరా ఇస్తోంది. ముసలితనంలో జ్ఞాపకశక్తి సడలినప్పుడు ఆ పాత భయాలు తిరిగొస్తాయి. స్నానాల గది, వరుసలో నిలబడటం, యూనిఫాం వేసుకున్న మనిషి కూడా వణుకు పుట్టించవచ్చు.

సంఘమంతా ఒకేసారి గాయపడే సందర్భాలు వేరు. 2018 అక్టోబరు 27 శనివారం ఉదయం పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ భవనంలో ఒక దుండగుడు జరిపిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఆ భవనంలో ప్రార్థించే మూడు సంఘాలూ మనుషులను పోగొట్టుకున్నాయి. ఆ తర్వాత ఏర్పడిన 10.27 హీలింగ్ పార్ట్‌నర్‌షిప్ కౌన్సెలింగ్‌ను అందరికీ తెరిచింది. ఏటా వచ్చే ఆ తేదీ, 2023లో జరిగిన విచారణ గాయాన్ని మళ్లీ రేపుతాయని గుర్తించి, బాధితులకు తోడుగా నిలిచింది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద జరిగిన దాడి, తర్వాతి గాజా యుద్ధం ప్రపంచంలోని యూదు సంఘాలన్నిటికీ దుఃఖాన్ని, భయాన్ని తెచ్చాయి. ఒకే సంఘంలో, ఒకే ఇంట్లో భిన్నాభిప్రాయాల వల్ల మాటలు తెగిపోయాయి. ఏ అభిప్రాయం ఉన్నవారైనా తమ బాధ చెప్పుకోగల చోటు నిలుపుకోవడం ఇప్పుడు సంఘాలకు కష్టమైన, అవసరమైన పని.

2020 పస్కా మరో పరీక్ష. కోవిడ్ లాక్‌డౌన్‌లో ముసలివారు పండుగ విందుకు ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చింది. ఒంటరితనం, దిగులు వారి ప్రాణం మీదికి తెస్తాయన్న కారణంతో ఇజ్రాయెల్‌లో కొందరు సెఫార్డీ సంప్రదాయపు రబ్బీలు, పండుగ రోజు విద్యుత్ పరికరాలు వాడకూడదన్న నియమం ఉన్నా, కుటుంబాలు జూమ్‌లో కలిసేందుకు అనుమతించారు. చాలామంది రబ్బీలు ఒప్పుకోలేదు. అయినా ఒంటరితనాన్ని ధర్మనిర్ణయంలో బరువైన కారణంగా లెక్కించడం గమనించదగ్గ విషయం.

భారతదేశంలో యూదు సంఘాలు చిన్నవి. కొచ్చి యూదులు, బెనె ఇజ్రాయేలీయుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వలసపోయారు. మిగిలిన వృద్ధులకు పదిమందిని కూడగట్టడమే కష్టమైంది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేలీయులు ఏలీయా పేరు మీద అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లతో మలీదా చేసి, మొక్కులు తీరినప్పుడు, జబ్బులు నయమైనప్పుడు బంధుమిత్రులతో పంచుకుంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీం సంఘం 1990ల మొదటి నుంచి సినగాగు నడుపుకుంటోంది. దళిత నేపథ్యం నుంచి వచ్చిన ఆ కుటుంబాలకు ఇజ్రాయెల్ గుర్తింపు ఇంకా దక్కలేదు. ఇలాంటి చిన్న సంఘాలకు సొంత మానసిక వైద్య సంస్థలు ఉండవు. చుట్టుపక్కల ఉన్న ప్రభుత్వ సేవలే దిక్కు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆచరణలో ఏం చేయాలి

అనుభవంలో నిలిచిన పద్ధతులు కొన్నే, అవి ఖరీదైనవి కావు. శరీర వ్యాధులకు భోజనాలు పంపే కమిటీయే మానసిక వ్యాధులకూ పంపాలి, అయితే కుటుంబాన్ని అడిగి, వారు కోరిన మేరకే. కొందరు సభ్యులు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ పొందాలి. ఆస్ట్రేలియాలో 2000లో మొదలైన ఈ శిక్షణ ఇప్పుడు అనేక దేశాల్లో దొరుకుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, మెల్లగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, అడిగితేనే మనిషి చెప్పుకోగలుగుతాడని ఇందులో నేర్పుతారు. సహాయ నంబర్లు నోటీసు బోర్డు మీదే కాకుండా మరుగుదొడ్ల తలుపుల మీద కూడా అంటించాలి. అక్కడైతే ఎవరి కంటా పడకుండా రాసుకోవచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు గోప్యత కన్నా ప్రాణమే ముఖ్యమని, షబ్బాత్ అయినా ఫోన్ చేయాలని అందరికీ ముందే తెలిసి ఉండాలి. షివాకు వారం గడువుంది, మానసిక వ్యాధికి అలాంటి గడువు లేదు. కాబట్టి మొదటి వారం ఉత్సాహం కన్నా ఆరో నెలలో చేసే ఒక ఫోన్ విలువైనది.

సంఘం వైద్యశాల కాదు, కావలసిన అవసరం కూడా లేదు. మందు వైద్యుడు ఇస్తాడు. ఆ మందు పనిచేసేదాకా మనిషిని ఒంటరిగా వదలకుండా ఉండటం సంఘం పని. ఈ మాట యూదులకే కాదు, వారం వారం ఒకచోట చేరి పేరుపేరునా పలకరించుకునే ఏ మతసంఘానికైనా వర్తిస్తుంది. కొంతకాలంగా కనిపించని వారెవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి తలుపు తట్టండి.